పట్టా పరవని పదకొండు నిమిషాలు

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవంటారు. ప్రాణం సంగతి నేను చెప్పలేను గానీ వాన రాకడ మా నాన్నకు తెలిసేది. ఎడమ మోకాలు పట్టేస్తే గంటలో చినుకు. నదివైపు గాలి ఆగిపోయి, గ్యాలరీ పై మెట్ల మీద బీరు అమ్మేవాళ్ల కేక చెవి పక్కనే వినిపించిందంటే పది నిమిషాల్లో జల్లు. పోర్ట్ హాలెక్ బేస్‌బాల్ మైదానానికి ఆయన ఇరవై ఆరేళ్లు మేస్త్రీ. ఎమిల్ కుబిచెక్ అంటే ఊళ్లో తెలియనివారు లేరు. ఇప్పటికీ తెలియనివారు లేరు, అదే మా దరిద్రం.

నేను ఆయన కూతురిని, వెర్నాను. ఇప్పుడు ఆ మైదానానికి మేస్త్రీని నేనే. ఈ చెప్పబోయేది నేను తీర్చుకున్న పగ గురించి. న్యాయం అని అందంగా పేరు పెట్టుకోవడం నాకు చేతకాదు.

మా స్టేడియానికి పైకప్పు లేదు. వానొస్తే ఆట ఆగుతుంది. అంపైరు చెయ్యి ఎత్తగానే నేను ఈల వేస్తాను. పదహారు మంది పరిగెత్తి, గొట్టానికి చుట్టి ఉన్న పెద్ద టార్పాలిన్ పట్టాను మైదానం నడిమధ్య ఉన్న ఎర్రమట్టి మీదికి లాగుతారు. యాభై సెకన్ల పని. పట్టా పడితే వాన వెలిశాక అరగంటలో ఆట మళ్లీ మొదలవుతుంది. పడకపోతే ఆ మట్టి జావ అవుతుంది, ఇక ఆ రోజుకి అందరూ ఇంటికి పోవడమే. మా ఇంటి పరువంతా ఆ యాభై సెకన్లలో ఉంది.

పంతొమ్మిదేళ్ల కిందట, జూలైలో ఒక మధ్యాహ్నం, మా జట్టు బార్జ్‌మెన్ ఆరు–ఒకటితో ఓడిపోతోంది. నాలుగో ఇన్నింగ్స్ నడుస్తోంది. ఐదు ఇన్నింగ్స్ పూర్తికాకుండా వాన ఆటను మింగేస్తే ఆ ఆట చెల్లదు, ఇంకోరోజు మొదటినుంచీ ఆడాలి. ఓడిపోతున్నవాడికి అంతకన్నా ఏం కావాలి? మబ్బు కమ్ముకుంది. జట్టు యజమాని డెన్‌హామ్ క్రౌలీ పైన తన అద్దాల గదిలోంచి మైదానం అంచున ఉన్న మా సామాన్ల షెడ్డులోని గోడ ఫోనుకి ఫోను చేశాడు.

"తొందరేం లేదు ఎమిల్. కాస్త నాననీ."

నాన్న ఆగాడు. మట్టి నానింది. అంపైర్లేమీ చెవిలో పువ్వు పెట్టుకుని రాలేదు. ఇది కావాలని చేసిన ఆలస్యమని తేల్చి, రూలు ప్రకారం ఆటను తొమ్మిది–సున్నాతో అవతలి జట్టుకి ఇచ్చేశారు. ఆ ఏడాది మాకు ఒక్క ఆట తేడాతో టైటిల్ పోయింది.

మర్నాడు క్రౌలీ విలేకర్ల ముందు మొహం వేలాడేసుకుని నిలబడ్డాడు. "ఏం చెయ్యమంటారు? మా మేస్త్రీ తాగి ఉన్నాడు" అన్నాడు. పెళ్లిళ్లలో కూడా ఒక్క గ్లాసు బీరుతో సాయంత్రమంతా గడిపే మనిషి మా నాన్న. ఫోను వచ్చిందని ఆయన చెప్పాడు. ఎవరు నమ్ముతారు? నోటి మాట నీటి మూట. ఉద్యోగం పోయింది. హైస్కూలు మైదానంలో గడ్డి కోసే పని అడిగితే, పిల్లలుండే చోటు కదా ఎమిల్, అన్నారు. ఆ మాట విని వచ్చిన రోజు నాన్న భోజనాల బల్ల దగ్గర కూర్చుని, టోపీ తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు చాలాసేపు చేతిలోనే పట్టుకున్నాడు.

ఇప్పటికీ స్టేడియంలో నాలుగు చినుకులు పడితే చాలు, మెట్ల మీద ఎవడో ఒకడు అరుస్తాడు. "ఎమిల్‌కి ఇంకో గ్లాసు పొయ్యండ్రోయ్!" అరిచేవాళ్లలో సగంమంది ఆ రోజుకి పుట్టనుకూడా లేదు.

నన్ను మాత్రం క్రౌలీ ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. అప్పుడు నేను మట్టి చదును చేసేవాళ్లలో ఒకదాన్ని. "తండ్రి తప్పుకి కూతుర్ని శిక్షించే మనిషిని కాను" అని పేపర్లో వేయించుకున్నాడు. ఏటా వసంతంలో, సీజను మొదలయ్యే ముందు, సిబ్బందికి భోజనం పెడతాడు. ఏటా నా భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినిపించేలా అంటాడు: "వెర్నాకి నేను కాకపోతే ఇంకెవరిస్తారు పని?" పంతొమ్మిదిసార్లు ఆ చెయ్యి నా భుజం మీద పడింది. లెక్కపెట్టుకున్నాను.

సిగ్గులేకుండా అక్కడే ఎలా ఉన్నావే అని మా చర్చిలో ఆడవాళ్లు మొహం మీదే అడిగారు. కోపం వచ్చినవాళ్లు వెళ్లిపోతారు. పగ ఉన్నవాళ్లు ఉండిపోతారు. నేను ఉండిపోయాను. పని నేర్చుకున్నాను, మేస్త్రీనయ్యాను, ఎదురుచూశాను.

ఈ ఏడు ఏప్రిల్‌లో క్రౌలీ స్టేడియానికి పైకప్పు కావాలన్నాడు. అటూ ఇటూ జరిగే కప్పు, వాన వస్తే మూసుకుంటుంది, ఎండ కాస్తే తెరుచుకుంటుంది. దానికి ఊరు ప్రతి కొనుగోలు మీదా అదనంగా పన్ను కట్టాలి. కట్టకపోతే జట్టును ఇంకో ఊరికి పట్టుకుపోతాడట. అందితే జుట్టు, అందకపోతే కాళ్లు. ఈయన రెండూ ఒకేసారి పట్టుకునే రకం.

ఊరు రెండు ముక్కలైంది. శుక్రవారం చర్చి హాల్లో చేపల విందు దగ్గర కూడా ఇదే గొడవ.

"ఆకాశం కింద ఆడేదే బేస్‌బాలు. కప్పేసుకుని ఆడాలంటే ఇంట్లో పేకాట ఆడుకోమను."

"నీకేం బాబూ, నీ సీటు నీడలో ఉంటుంది. మా అత్త ఆగస్టులో సొమ్మసిల్లి పడిపోయింది."

"మీ అత్త డిసెంబర్లో కూడా పడిపోయింది కదరా, నేనే లేపాను!"

నిజం చెప్పాలంటే మా స్టేడియానికి కప్పు కావాలి. నదికన్నా పల్లంలో కట్టారు దాన్ని. అడుగున జిగటమట్టి. ఏటా ఎనిమిదో తొమ్మిదో ఆటలు వాన పాలవుతాయి. ఆ సంగతి నాకన్నా ఎక్కువ తెలిసిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు. నాన్నకిప్పుడు ఎనభై ఒకటి. పంతొమ్మిదేళ్లుగా స్టేడియం గేటు దాటలేదు. ప్రతి ఆటా వంటింట్లో రేడియో పక్కన కూర్చుని వింటాడు.

"కప్పు వెయ్యాల్సిందే. నేను చేరినప్పట్నుంచీ చెబుతూనే ఉన్నా" అన్నాడు నాన్న, రేగుపండు గుజ్జు పెట్టిన కొలాచీ రొట్టెను కాఫీలో ముంచుకుంటూ.

"వాడు వేస్తే వద్దు."

"ఎవడు వేస్తే ఏంటే? తడిసేది మట్టి. దానికి వాడెవడో నేనెవడో తెలీదు."

"నాకు తెలుసు నాన్నా" అన్నాను. ఆయన ఇంకో రొట్టె అందుకున్నాడు.

మే నెలలో ఊరి కౌన్సిల్ విచారణ పెట్టింది. ఐదుగురు సభ్యులు. వాళ్లకి పెద్ద ఒడెట్ ప్రూయిట్ అనే ఆవిడ, ఒకప్పుడు లెక్కల టీచరు. నేను మూడో వరసలో కూర్చున్నాను. క్రౌలీ లేచి బొమ్మలు చూపించాడు, గ్రాఫులు చూపించాడు, ఆఖరికి కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పంతొమ్మిదేళ్ల కిందట ఒక తాగుబోతు చేతుల్లో పడి మన టైటిల్ నీళ్లపాలైంది. మీకందరికీ గుర్తే. ఇంకా ఎన్నాళ్లు మనుషుల్ని నమ్ముకుందాం? అమ్మా, అయ్యా, కప్పు తాగదు!"

హాలంతా నవ్వింది. కౌన్సిల్ వాళ్లు నవ్వారు. నా పక్కన కూర్చున్న మా వీధి పోస్టుమాస్టరు నన్ను చూసి సగంలో నవ్వు ఆపుకుని దగ్గాడు. ఒళ్లు మండింది నాకు. లేచి అరిస్తే ఇంకోసారి నవ్వుతారని తెలుసు కాబట్టి కూర్చున్నాను. ఆ నవ్వే లేకపోతే బహుశా నేను అలాగే రిటైరైపోయేదాన్నేమో.

ప్రూయిట్ గారు మాత్రం నవ్వలేదు. "బొమ్మలు చాలండీ. జూన్ రెండో గురువారం మధ్యాహ్నం ఆట ఉంది. వానాకాలమే కదా, మేం ఐదుగురం వచ్చి చూస్తాం. వాన మీ ఆటని ఏం చేస్తుందో కళ్లతో చూశాకే సోమవారం ఓటు వేస్తాం" అంది.

ఆ ఆటకి ముందురోజు, బుధవారం, క్రౌలీ నన్ను పైకి పిలిచాడు. గది నిండా అద్దాలు, కింద నేను దువ్విన మట్టి దువ్వినట్టే కనిపిస్తోంది.

"రేపు రెండింటికి వాన అంటున్నారు" అన్నాడు.

"రెండుంపావు అవ్వొచ్చు సార్."

"కౌన్సిల్ వాళ్లు నా పక్కనే కూర్చుంటారు. వాళ్లు చూడాల్సింది బురద, వెర్నా. నీ పదహారు మంది యాభై సెకన్లలో దుప్పటి కప్పేసి, అరగంటలో ఆట మొదలుపెట్టేస్తే ఇక కప్పెందుకని అడగరూ? నేను ఫోను చేస్తా. నేను చెప్పేదాకా ఈల వెయ్యకు."

"అంపైర్లు ఊరుకుంటారా సార్?"

"గొట్టం ఇరుక్కుందని చెప్పు. ఇనప సామాను ఇరుక్కోదా? మీ నాన్నకీ ఇదే చెప్పా ఆ రోజు. పాపం, ఆయనకి అబద్ధం ఆడటం చేతకాలేదు. నువ్వు తెలివైనదానివి."

పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఒప్పుకున్నాడు. నాలుగు గోడల మధ్య, నాకు మాత్రమే, కాఫీ కలుపుకుంటూ ఒప్పుకున్నాడు. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.

"ఆపమన్నది మీరేనని ఒక ముక్క రాసిస్తారా సార్?"

పకపకా నవ్వాడు. "కొత్త కప్పు కింద నువ్వు బతికున్నంతకాలం నీకు ఉద్యోగం ఉంటుంది. ఆ మాట చాలదూ?"

"చాలు సార్" అన్నాను.

ప్రతి ఆటకి ముందూ బ్యాటు పట్టినవాడు నిలబడే హోమ్ ప్లేట్ దగ్గర చిన్న సమావేశం ఉంటుంది. రెండు జట్ల మేనేజర్లు ఆడేవాళ్ల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు, అంపైర్లు ఆ మైదానానికి ఉన్న ప్రత్యేకమైన కట్టుబాట్లు వింటారు. ఆ జాబితాలు చేతులు మారిన క్షణం నుంచి మైదానం యజమానిది కాదు, అంపైరుది. వాన సూచన ఉన్న రోజు మేస్త్రీ కూడా వెళ్లి చెప్పాలి.

ఆ గురువారం పెద్ద అంపైరు లూథర్ బెక్‌విత్. అందుకే నేను ఆ రోజును దేవుడిచ్చిన రోజనుకున్నాను. పంతొమ్మిదేళ్ల కిందటి ఆటలో మూడో బేస్ దగ్గర నిలబడ్డ కుర్ర అంపైరు ఆయనే. ఇప్పుడు మీసం నెరిసింది.

"రెండుంపావుకి వాన. మావాళ్లు సిద్ధంగా ఉన్నారు" అన్నాను జాబితాలు చేతులు మారాక. "ఒకవేళ పట్టా ఆలస్యమైతే గొట్టం ఇరుక్కున్నట్టు కాదు. కారణం మా షెడ్డులో గోడ ఫోనులో ఉంటుంది. మీరే వచ్చి వినండి."

మేనేజర్లిద్దరూ మొహాలు చూసుకున్నారు. బెక్‌విత్ నన్ను చాలాసేపు చూశాడు.

"నువ్వు కుబిచెక్ కూతురివి కదూ?"

"అవును."

ఆయన జాబితా వెనకవైపు ఏదో రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆట మొదలైంది.

మావాళ్లు ఆ రోజు ఎంత బాగా ఆడారో చెబితే మీకు నా మీద కోపం వస్తుంది. మూడో ఇన్నింగ్స్ అయ్యేసరికి నాలుగు–సున్నా. పట్టికలో మొదటి జట్టుకి ఒక్క ఆట వెనక ఉన్నాం. స్టేడియం ఊగిపోతోంది. అప్పుడు నదివైపు గాలి ఆగింది. ఎక్కడో పైన "చల్లటి బీరూ" అన్న కేక నా చెవి పక్కనే వినిపించింది.

రెండు గంటల పదహారు నిమిషాలకి జల్లు దిగింది. బెక్‌విత్ చెయ్యి ఎత్తాడు. ఆటగాళ్లు లోపలికి పరిగెత్తారు. నా పదహారు మంది నా వైపు చూశారు. షెడ్డులో ఫోను మోగింది.

"వద్దు" అన్నాడు క్రౌలీ. అంతే, పెట్టేశాడు.

నేను ఈల నోట్లో పెట్టుకుని ఊదకుండా నిలబడ్డాను. మొదటి నిమిషంలో మట్టి రంగు మారింది. రెండో నిమిషంలో బేసుల చుట్టూ తడి మెరుపు వచ్చింది. నా కింద పనిచేసే అన్సెల్, పన్నెండేళ్లుగా నాతో ఉన్నవాడు, దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఈల."

"ఆగు."

"అక్కా, మట్టి పోతోంది. పొద్దుట్నుంచీ దువ్వాం కదా దాన్ని. నీకు దండం పెడతా, ఊదు."

"ఆగమన్నానా!"

వాడికి ఏమీ చెప్పలేదు నేను. చెబితే వాడు నా చేతిలోంచి ఈల లాక్కునేవాడు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. రెండో నిమిషానికే పట్టా పరిచేసి, ఆట అయ్యాక జరిగిందంతా బెక్‌విత్‌కి చెప్పి ఉండొచ్చు. అప్పుడు ఇంకో కాగితం, ఇంకో విచారణ, క్రౌలీ మళ్లీ కళ్లజోడు తీసి చేత్తో పట్టుకోవడం. నాకు అది వద్దు. నాకు బురద కావాలి. నలభై వేలమంది చూస్తుండగా వాడి పేరుతో బురద కావాలి. అందుకే ఆగాను. వాడు చెప్పాడని కాదు, నాకు కావలసి ఆగాను.

ఐదో నిమిషానికి నీళ్లు నిలిచాయి. మెట్ల మీద ఈలలు, తిట్లు. ఎవడో అరవనే అరిచాడు. "ఎమిల్ కూతురికి కూడా ఒక గ్లాసు పొయ్యండ్రోయ్!" జనం గొల్లుమన్నారు. నవ్వండి, నవ్వండి అనుకున్నాను.

తొమ్మిదో నిమిషంలో బెక్‌విత్ తడుస్తూ షెడ్డు దగ్గరికి నడిచొచ్చాడు.

"పట్టా ఏదమ్మా?"

 "అందరూ పట్టా మీద చేతులు వెయ్యండి" అని మావాళ్లకి చెప్పాను. పదహారు మందీ ప్రాణం లేచొచ్చినట్టు గొట్టం మీద పడ్డారు. పైనున్నవాడికి అది కనిపించాలి. కనిపించింది. గోడ ఫోను మోగింది.

"తియ్యండి" అన్నాను బెక్‌విత్‌తో. ఆయన తీశాడు. ఏమీ మాట్లాడలేదు. వాన చప్పుడులో కూడా క్రౌలీ గొంతు నాకు బయటికి వినిపించింది.

"చేతులు తియ్యమను వెర్నా! ఇంకో ఐదు నిమిషాలు పట్టు. మీ నాన్న ఒక్క ఫోనుకే ఆగాడు, నీకు రెండుసార్లు చెప్పాలా? కౌన్సిల్ వాళ్లు కిటికీకి అతుక్కుని చూస్తున్నారు. బాగా నాననీ."

"మిస్టర్ క్రౌలీ, నేను లూథర్ బెక్‌విత్‌ని, అంపైర్ని" అన్నాడు ఆయన. అవతల ఫోను పడిపోయిన చప్పుడైంది.

బెక్‌విత్ ఫోను జాగ్రత్తగా గోడకి తగిలించాడు. గడియారం చూసుకున్నాడు. పదకొండు నిమిషాలు. ఈ మధ్య అంపైర్లు తీర్పును జనానికి మైకులో చెబుతున్నారు. ఆయన మైదానం మధ్యలోకి, చీలమండ లోతు బురదలోకి నడిచి వెళ్లి, నడుముకున్న మైకు నొక్కాడు.

"పట్టా పరవవద్దని హోమ్ జట్టు యజమాని ఆదేశించారు. ఆ ఆదేశం నా చెవులతో విన్నాను. రూలు ప్రకారం ఈ ఆట అవతలి జట్టుది. తొమ్మిది, సున్నా."  వెళ్లిపోతాడనుకున్నాను. "పంతొమ్మిదేళ్ల కిందట ఇదే మైదానంలో మూడో బేస్ దగ్గర నేనున్నాను. ఆ రోజు మేస్త్రీకి ఫోను చేసింది ఎవరో కూడా ఇప్పుడే విన్నాను, ఆయన నోటితోనే. ఆ మేస్త్రీ పేరు ఎమిల్ కుబిచెక్."

 వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. తర్వాత జనం లేచారు. అందరూ ఒకే వైపు తిరిగారు, పైన ఆ అద్దాల గదివైపు. గదిలో దీపాలన్నీ వెలిగి ఉన్నాయి. క్రౌలీ అక్కడ నిలబడి ఉన్నాడు, పక్కన ఐదుగురు సభ్యులు. వాళ్లు ఆయన దగ్గర్నుంచి ఒక్కో అడుగు వెనక్కి వెయ్యడం కిందనుంచి నేను స్పష్టంగా చూశాను. ఎవడో బీరు గ్లాసు విసిరాడు. అది అద్దానికి తగిలి జారింది. తర్వాత వంద గ్లాసులు.

నాకు ఎలా ఉందని అడుగుతారా? బాగుంది.  తడిసి ముద్దైపోయి, బురదలో నిలబడి, నేను పైకి నవ్వాను. నా భుజం మీద అంతవరకూ ఉన్న చెయ్యి లేచిపోయింది.

బయటికి వెళుతూ ప్రూయిట్ గారు విలేకర్లతో అన్న మాట ఊరంతా పాకింది. "వాన పడకుండా కప్పు వేస్తాం సరే. ఈయన మన మీద పడకుండా ఏ కప్పు వెయ్యాలి?"

మిగిలినవన్నీ వేగంగా జరిగిపోయాయి. లీగ్ క్రౌలీని ఏడాదిపాటు స్టేడియంలోకి రావద్దంది. సోమవారం కౌన్సిల్ కప్పు ప్రతిపాదనను ఐదు–సున్నాతో కొట్టేసింది. ఇక నా జన్మలో ఆ ఊసు ఎవరూ ఎత్తరు. పేపరు మొదటి పేజీలో నాన్న పాత ఫోటో వేసి, కింద క్షమాపణ రాసింది. నాకూ లీగ్ నుంచి ఒక హెచ్చరిక వచ్చింది, ఆదేశం తప్పని తెలిసీ పాటించినందుకు. చర్చిలో ఆడవాళ్లు నన్ను కౌగిలించుకున్నారు. కిరాణా కొట్టు దగ్గర మాత్రం ఒక ముసలాయన నా మొహం మీదే అన్నాడు: "నాలుగు–సున్నాతో గెలుస్తున్నామమ్మా మనం."



గురువారం నేను ఇంటికి వచ్చేసరికి రేడియో ఆపేసి ఉంది. శుక్రవారం ఆట ఉంది, నాన్న రేడియో పెట్టలేదు. పంతొమ్మిదేళ్లలో ఆయన ఒక్క ఆట వినకుండా ఉండటం అదే మొదలు. సంతోషం తట్టుకోలేకపోతున్నాడేమో అనుకున్నాను. సోమవారం సాయంత్రం పేపరు తెచ్చి ఆయన ముందు పరిచాను, ఫోటో పైకి కనిపించేలా.

"చూడు నాన్నా. క్షమాపణ చెప్పారు. ఊరంతా చదివింది."

ఫోటో చూశాడు. తన టోపీ చూశాడు అందులో. పేపరు మడతపెట్టి పక్కకి జరిపాడు.

"ఎన్ని నిమిషాలు ఆగావు?"

"నాన్నా, అది కాదు, వాడు..."

"వాడి సంగతి కాదు నేనడిగేది. ఎన్ని నిమిషాలు?"

"పదకొండు."

ఆయన తల ఊపాడు. 

"నేను తొమ్మిది ఆగాను" అన్నాడు. "ఊరు నన్ను తాగుబోతన్నందుకు నేను లోపల కూర్చోలేదే. కాదని నాకు తెలుసు కదా. తొమ్మిది నిమిషాలు నా చేతిలో ఈల ఉంది. నా మట్టి నా కళ్ల ముందు మునిగిపోతుంటే నేను ఊదలేదు. ఆ మొహం పెట్టుకుని మళ్లీ ఆ గేటు దాటబుద్ధి కాలేదు. అంతే."

 పంతొమ్మిదేళ్లు నేను ఎవరి మీద పగ పట్టానో, ఎవరి కోసం పట్టానో రెండూ సరిగ్గానే తెలుసనుకున్నాను.

"నువ్వు చూశావా, మట్టి మునగడం?" అన్నాడు.

"చూశాను."

"నవ్వావటగా."

అన్సెల్ ఫోను చేసి చెప్పి ఉంటాడు. నేను తల దించుకున్నాను. అయినా క్రౌలీ మీద జాలి కలిగిందని మాత్రం రాయను, కలగలేదు.

మంగళవారం ఆట ఉంది. పొద్దున్న ఆరింటికి బండి దగ్గరికి వెళితే నాన్న ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు, రబ్బరు బూట్లు వేసుకుని. ఆ బూట్లు ఎక్కడ దాచాడో నాకు తెలియదు.  గేటు దగ్గర కాపలా అతను టోపీ తీశాడు. నాన్న చూడలేదు, నేరుగా మైదానం మధ్యకి నడిచి, వంగి, గుప్పెడు మట్టి తీసి పిసికాడు.

"అడుగున ఇంకా తడి పోలేదు. రెండు అంగుళాలు తవ్వి కొత్తది వెయ్యాలి. అన్సెల్ అంటే నువ్వేనా? పార ఇటు ఇవ్వు."

పదింటికి ఆయన నడుం నిలబెట్టి, ఎడమ మోకాలు రుద్దుకుని, నదివైపు చూశాడు. అక్కడ ఆకాశం నీలంగా ఉంది, పిసరంత మబ్బు కూడా లేదు.

"గంటలో వస్తుంది" అన్నాడు.

నా మెడలోంచి ఈల తీసి ఆయనకిచ్చాను. అది ఒకప్పుడు ఆయనదే. అరచేతిలో పెట్టుకుని చూసి, తిరిగి నా చేతిలో పెట్టి, నా వేళ్లు మూశాడు.

"కప్పు పోగొట్టావుగా. ఇక నీ దగ్గరే ఉంచుకో" అన్నాడు. "ఈసారి ఎవరు ఆగమన్నా ఆగకు. నీ మనసే ఆగమన్నా సరే."